పుస్తకంలో లేని బంగళా

ఆ ఫిబ్రవరిలో సభ్యుల పుస్తకం పోస్టులో రాగానే లవ్‌డే నాన్‌కారో ఇంగ్లండ్ కొసన ఉన్న మా కార్న్‌వాల్ జిల్లా పేజీలు తెరిచింది. మా ట్రెవానిక్ బంగళా లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. లేదు. పాత కట్టడాలను కాపాడే మా సంఘం ఏటా పంపే పుస్తకం అది. ఏ బంగళా ఎప్పుడు తెరుస్తారో, కారు ఎక్కడ ఆపాలో, కుక్కను తేవచ్చో లేదో అన్నీ అందులోనే ఉంటాయి. అందులో లేనిది లోకంలోనే లేదని లవ్‌డే నమ్మకం.

పదహారో ఏట ఆమె ఆ బంగళా వంటింట్లో గిన్నెలు తోమడానికి చేరింది. దొర కుటుంబం వెళ్లిపోయి బంగళా సంఘం చేతికొచ్చాక, ఇరవై ఆరేళ్లుగా జీతం లేకుండా భోజనాల గదిలో కూర్చుని, చూడవచ్చినవాళ్లకు దాని కథ చెబుతోంది. ఒకప్పుడు ఆ గది గడప తొక్కనివ్వలేదు ఆమెను. ఇప్పుడు కిటికీ పక్కన సొంత కుర్చీ ఉంది. ఎనభై ఒకటో ఏట అది పోతుందని ఆమె దిగులు. ఫోన్ చేసి అడగొచ్చుగా? అడగదు, అవునంటారేమోనని. నాకు ఒళ్లు మండేది అక్కడే.

చలికాలం మూసిన బంగళాను మార్చిలో మళ్లీ తెరిచే రోజున పొద్దున్నే వచ్చింది. పక్క గది కథ చెప్పేది నేను.

"ఈ ఎడమ కిటికీ తలుపు తడికి బిగుసుకుంటుంది పిల్లా. కింద ఒక్క తన్ను తన్నాలి. గుర్తుపెట్టుకో."

"నాకెందుకు చెప్తున్నారు? మీరున్నారుగా."

"నువ్వూ దాస్తున్నావన్నమాట."

ఏం దాస్తున్నానో నాకు అర్థం కాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఈలోగా ఆమె ఒక ఎండిన ముళ్లకాయ తెచ్చి తన కుర్చీలో పెట్టింది. పాత కుర్చీల్లో ఎవరూ కూర్చోకుండా మేం పెట్టే గుర్తు అది.

"అది మీరు కూర్చునేది కదండీ."

"ఇక అక్కర్లేదు. ఇవాళ మనల్ని పిలిచింది మూసేస్తున్నామని చెప్పడానికేగా."

పుస్తకం నా చేతిలో పెట్టింది. కార్న్‌వాల్ పేజీలు రెండుసార్లు తిప్పాను. నిజంగానే లేదు. మరి కింద టికెట్ల బల్ల ఎందుకు వేస్తున్నారు? టీ గదిలో స్కోన్ రొట్టెలు ఎవరికోసం కాలుస్తున్నారు?

"వీడ్కోలు విందేమో," అంది లవ్‌డే.

"విందు పెట్టే మొహమేనా మన మేనేజరుది? క్రిస్మస్‌కి తలా ఒక బిస్కట్టు పంచాడు."

ఇంతలో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన దంపతులు గుమ్మంలోకి వచ్చారు. ఆయన చేతిలో అదే పుస్తకం.

"లోపలికి రావచ్చా అండీ? పదకొండింటికి తెరుస్తారని ఇందులో ఉంది."

లవ్‌డే ఆ పుస్తకం లాక్కున్నంత పని చేసింది. ఉంది. ట్రెవానిక్, బొమ్మతో సహా. పక్క జిల్లా డెవన్ పేజీల్లో.

మా బంగళాకు వచ్చేవాళ్లు కార్లు ఆపే చోటు, రెండు జిల్లాలకూ హద్దైన టామర్ నది వంతెన అవతల, డెవన్ గట్టున ఉంది. ఆ చిరునామా పట్టుకుని ఎవరో బంగళాను నది దాటించేశారు. కార్న్‌వాల్ వాళ్లం ఎవరమూ ఆ పేజీలు తిప్పం. స్కోను మీద మాలా ముందు జామ్ కాకుండా మీగడ పూసి, ఆపైన జామ్ వేసుకునే మనుషుల దగ్గర చూడదగ్గది ఏముంటుంది?

"తెరిచే ఉందన్నమాట," అంది లవ్‌డే మెల్లగా.

"ఉంది. కాకపోతే డెవన్‌లో."

అగ్గి మీద గుగ్గిలం అవుతుందనుకున్నాను. పోయినేడు ఇది డెవనేగా అన్న పెద్దమనిషికి ఆమె గది కథ చెప్పనే లేదు, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇప్పుడు ఆమె ముఖంలో ఉన్నది కోపమో ఏడుపో నాకు తేలలేదు. ముళ్లకాయ తీసి సంచిలో వేసుకుంది. కూర్చుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించింది.

"మీరు ఇక్కడివారేనా? డెవన్‌లోనే పుట్టారా?" అడిగింది బర్మింగ్‌హామ్ ఆవిడ.

లవ్‌డే ఒకసారి నావైపు చూసింది.

"అవునమ్మా, డెవనే," అంది. "రండి, ముందు ఈ బల్ల సంగతి చెప్తాను."