మా కంపెనీ బోర్డుకు షట్టర్ దించిన మధ్యాహ్నం

మా కంపెనీ లోగో టీవీలో అయిదారు సెకన్లకు మించి ఉండదు. ముందు తెరంతా చీకటి. అడుగున సన్నటి వెలుతురు గీత పడుతుంది. గరగరమంటూ షట్టర్ లేస్తుంటే ఆ వెలుతురులో పిల్లల పాదాలు, మోకాళ్లు, చివరికి నవ్వు ముఖాలు కనిపిస్తాయి. వాటి మీద కంపెనీ పేరు పడుతుంది. ఆ తర్వాతే మా గుడ్డబొమ్మ మేక వచ్చి కథ మొదలుపెడుతుంది. దాన్ని కంప్యూటర్లో చేశామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అది వరంగల్ బజారులో మా మామయ్య బట్టల దుకాణం షట్టర్.

కంపెనీ అంటే ఏదో పెద్దది అనుకునేరు. నేనూ, ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పే నా స్నేహితురాలూ, ఒక కెమెరా. అంతే. దుకాణం మీది గదిలో కట్‌పీసులతో బొమ్మలు కుట్టి, వాటిని ఆడించి, పిల్లల కార్యక్రమాలు తీసేవాళ్లం. మొదట్లో అవి ఊళ్లో కేబుల్ టీవీలో వచ్చేవి. గది ఇచ్చింది మామయ్యే, కాదనను. కానీ పైన ఏం జరుగుతోందని ఎవరైనా అడిగితే, "మా కోడలు బొమ్మలతోని ఆడుకుంటాంది" అనేవారు. చలికాలం దుప్పట్ల స్టాక్ రాగానే గది ఖాళీ చేయాలని కూడా చెప్పేశారు. పొద్దున షట్టర్ ఎత్తి, బోణీ చేసి, రాత్రి దించేదొక్కటే ఆయన దృష్టిలో పని. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గది పోతుందన్న దిగులు కంటే ఆ 'ఆడుకుంటాంది' అన్న మాటే నన్ను ఎక్కువ గుచ్చేది. పొద్దంతా సూది పట్టి వేళ్లు పొక్కిపోతుంటే ఆట అంటారా! ఒక్కసారైనా ఆయన నోట అది పని అనిపించుకోవాలని నాకు పంతం.

అంతలో హైదరాబాద్‌లో ఒక ఛానెల్ మా కార్యక్రమం తీసుకుంటామంది. ముందు మీ కంపెనీ లోగో పంపండి, అదీ రేపటికల్లా అన్నారు. లోగో మాకెక్కడిది? తెలిసినతనొకడు కంప్యూటర్లో ఇంద్రధనుస్సు మీద నక్షత్రాన్ని తిప్పి ఇచ్చాడు. ఏ స్కూల్ బస్సు మీదో చూసినట్టే ఉంది. ఆ ఉక్రోషంలో ఉండగా మా పాప గుర్తొచ్చింది. మా ఇల్లు దుకాణం వెనకే. రోజూ పొద్దున మామయ్య బయట నిలబడి షట్టర్ ఎత్తుతుంటే, పాప లోపల నేల మీద బోర్లా పడుకుని, కింద కనిపించే పాదాలను బట్టి బయట ఎవరున్నారో చెప్పేది. దానికి అదే సినిమా. మా లోగో ఇదే అని లేచి కూర్చున్నాను.

చిక్కల్లా ఎండతోనే. మా దుకాణం పడమటి ముఖం. మధ్యాహ్నం దాటితే గాని మెట్ల మీద ఎండ పడదు. ఆ మాటే చెప్పి మామయ్యను అడిగాను.

"పట్టపగలు షట్టర్ దించుతరా? మనింట్ల ఎవలన్న పోయిన్రా?" అని కసిరారు.

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. మా బజారులో పగటిపూట షట్టర్ దిగితే అర్థం అదొక్కటే. నేను ముఖం మాడ్చుకుని వంటింట్లోకి వెళ్తే, అత్తమ్మ గొంతు తగ్గించి, "తిన్నంక ఆయన జరసేపు పండుకుంటడు. గప్పుడు కానియ్యి, నేను సూస్కుంట" అంది. ఆమె ధైర్యం చూసి దండం పెట్టాలనిపించింది.

మామయ్య అన్నం తిని నడుం వాల్చారు. నా స్నేహితురాలు తన వీధి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి, మెట్ల ముందు వరసగా నిలబెట్టింది. టీచరమ్మ కదా, కిక్కురుమంటే తోలు తీస్తానని కూడా చెప్పింది. పిల్లలు చేతులు కట్టుకుని, తలలు వంచుకుని నిలబడ్డారు. ఆమె బయటి నుంచి షట్టర్ దించింది. నేను లోపల చీకట్లో కెమెరా పట్టుకుని నేల మీద పడుకున్నాను. నేను కేక వేస్తే ఆమె ఎత్తాలి; అందుకే బజారుకు వీపు పెట్టి, వంగి షట్టర్ పట్టుకుని నా కేక కోసమే చెవులు రిక్కించింది. కెమెరా సర్దుకునేసరికి కాస్త ఆలస్యమైంది.

కేక వేశాను. షట్టర్ లేచింది. పిల్లల పాదాలు కనిపించాయి. వాటి వెనక పెద్ద పాదాలు కూడా కనిపించాయి. ఇవెక్కడివి అనుకునేలోపే షట్టర్ పూర్తిగా లేచింది. పిల్లల వెనక సగం బజారు నిలబడి ఉంది. గిన్నెల దుకాణం ఆయన చేతిలో బంతిపూల దండ. కిరాణా కొట్టు ఆయన కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. నేను నేల మీద పడి ఉండటం చూసేసరికి ఆయనకు దుఃఖం ఆగలేదు.

"ఎట్లయిందమ్మా? పొద్దుగాల నాతోని చాయ్ తాగె గదా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గోలకు మామయ్య బనీను మీదే లోపలి నుంచి వచ్చారు. వెనకాలే అత్తమ్మ. గుమ్మం ముందు అంతమందిని చూసి మామయ్యే కంగారుపడ్డారు.

"ఎవలు పోయిన్రు?" అని అడిగారు.

గిన్నెల దుకాణం ఆయన దండను వెనక్కి దాచుకుంటూ, "నువ్వే అనుకున్నం సేటూ" అన్నాడు.

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దవాళ్లూ నవ్వేశారు. మామయ్య మాత్రం నవ్వలేదు. నా వైపు, నా చేతిలోని కెమెరా వైపు చూశారు. ఇంకేముంది, దుప్పట్లు వచ్చేదాకా కూడా ఆగరు, గది ఈ సాయంత్రమే ఖాళీ అనుకున్నాను.

"మరి షట్టర్ ఎందుకు దించిన్రు సేటూ?" కిరాణా ఆయన వదల్లేదు.

మామయ్య గొంతు సవరించుకున్నారు. "మా కోడలు సొంతంగ దుకాణం పెట్టింది. దానికి బోర్డు తయారు చేస్తాండ్రు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అయ్యిందా బిడ్డా?" అని అడిగారు.

"కాలే మామయ్యా. అందరు అడ్డమొచ్చిన్రు."

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. బజారంతా చూస్తుండగా, పట్టపగలు, తన చేత్తోనే షట్టర్‌ను కిందికి గుంజారు. లోపల మళ్లీ చీకటైంది. నేను బోర్లా పడుకుని, ముందు కళ్లు తుడుచుకుని, తర్వాత కెమెరా అద్దం తుడిచాను. బయట ఆయన గొంతు గట్టిగా వినిపించింది.

"అందరు జర పక్కకు జరుగుండ్రి. పిల్లల మీద ఎండ పడాలె."