సాగదీసిన వల

అది 1938 వేసవి. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున పెద్ద ప్రదర్శన పెట్టారు. విత్తనాలు, ఎద్దులు, కొత్త రకం నాగళ్ళు అన్నీ ఒక వరసలో ఉంటే, మా చేపల శాఖ డేరా మాత్రం చిట్టచివర, గ్రామఫోను పెట్టెలు అమ్మే అంగడి పక్కన దొరికింది. నేను ఆ శాఖలో డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే ఊరూరా తిరిగి కొత్త వలలు వేసి చూపించడం, వాటి గురించి ఉపన్యాసాలు చెప్పడం నా పని. పక్కన గ్రామఫోను మోగుతుంటే ఎవరు వింటారని మావాళ్ళు బెంగపడ్డారు. నాకా బెంగ లేదు. చిన్నప్పటి నుంచీ చర్చిలో మైకు లేకుండా వాక్యం చదివిన గొంతు నాది. రెండో రోజుకే ఆ అంగడి సాయిబు వచ్చి, కాస్త మెల్లగా మాట్లాడమని నన్ను బతిమాలుకున్నాడు.

ఆ ఏడు నేను చెప్పింది గిల్ నెట్ గురించి. గిల్ అంటే చేప మొప్ప. ఈ వలను లాగరు, విసరరు. నీళ్ళలో తెరలా వేలాడదీసి వచ్చేస్తారు. దారిన పోయే చేప దాన్ని చూసుకోక వల కన్నులో తల దూరుస్తుంది. ముందుకు పోలేదు, వెనక్కి రాబోతే మొప్పలు తగులుకుంటాయి. అంతే, దాని పని అయిపోయినట్టే. డేరాలో రెండు వెదురుబొంగులు పాతి, మధ్యలో వల కట్టి ఇదంతా చూపించేవాణ్ణి.

వినేవాళ్ళలో సగం మంది నీడకోసం వచ్చినవాళ్ళే. ముందు వరసలో ఒక ఆడమనిషి మాత్రం నన్ను చూడకుండా వలనే చూస్తూ కూర్చునేది. మూడో రోజు ఉపన్యాసం అవగానే లేచి వచ్చి, వలను వేళ్ళతో నలిపి చూసింది.

"అయ్యోరూ, ఇది నేలకు తగలదు గదా?"

"తగలదమ్మా. పైన తేలే బెండ్లు, కింద సీసపు గుండ్లు. మధ్యలోనే వేలాడుతుంది."

"అట్లయితే అడుగున రాళ్ళుండినా చినగదు."

పేరు ఓబులమ్మ. బేతంచెర్ల పక్క పల్లె. వాళ్ళది బెస్త ఇల్లు. ఆ ఊరి చెరువులో చేపలు పట్టే హక్కు తాతల నాటి నుంచి వాళ్ళదే. అయితే ఆ చెరువు నడుమ ఎప్పుడో నాపరాళ్ళు తవ్వి వదిలేసిన గుంత ఉందట. ఎండాకాలం నీళ్ళు తగ్గగానే చేపలన్నీ ఆ లోతులోకి దిగిపోతాయి. వీళ్ళ లాగుడు వల రాళ్ళ అంచులకు తగులుకుని పీలికలవుతుంది. చేప దక్కక పెద్దరెడ్డీ, ఊరి పెద్దలూ విసిగిపోయారు. ఈసారీ లోతు చేప బయటికి రాకుంటే, నది ఒడ్డు బెస్తలను పిలిచి చెరువు అప్పగిస్తామన్నారు.

"చెరువు పోతే మా యింటాయన మళ్ళా నాపరాళ్ళ గనికి పోవాల అయ్యోరూ," అంది. "రెండేండ్లు పోయి రొమ్ములో దుమ్ము నింపుకోని వచ్చినాడు. రాత్రంతా దగ్గుతాండాడు. ఇంగోసారి పోతే మనిషి తిరిగొచ్చేది లేదు."

"మరి ఆయనేడి? వల వేసేది ఆయన కదా?"

"రమ్మంటే నగినాడు. బెస్తోడు బడికి పోయి వల నేర్సుకుంటాడా అన్నాడు. వల అల్లేది నేను గదా, నేనొచ్చినా."

ఆమెను కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. కన్ను ఎంత ఉండాలి, పైతాడుకు ఎలా కట్టాలి, నూలు కుళ్ళకుండా తంగేడు చెక్క నీళ్ళలో ఎలా నాననివ్వాలి అన్నీ. ముఖ్యంగా ఒకటి మళ్ళీ మళ్ళీ చెప్పాను. వల ఎంత పొడవుందో అందులో సగం తాడుకే దాన్ని కుచ్చుగా కట్టాలి, వదులుగా వేలాడాలి అని. తలూపింది. వెళ్ళేటప్పుడు, వల అల్లి వేశాక పెద్దలు చూడ్డానికి వస్తారని, ఆనాటికి నన్ను కూడా రమ్మంది. వస్తానన్నాను.

అన్నట్టుగానే ఒకరోజు ముందే బేతంచెర్లలో రైలు దిగి, రాళ్ళ బండి ఒకటి ఆ దారిన పోతుంటే ఎక్కి, పల్లె చేరాను. చెరువు గట్టున ఓబులమ్మ మొహం వేలాడేసుకుని కూర్చుని ఉంది. పక్కన ఆమె మొగుడు పుల్లన్న, ఎముకల గూడులాంటి మనిషి, బీడీ కూడా కాల్చలేక చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు.

"రాప్పా అయ్యోరూ," అన్నాడు. "నీ సదువుల వల రేయంతా నీళ్ళలో ఉండె. ఒక్క చేపన్నా దాని మొగం సూడలే."

నాకు ఒళ్ళు మండింది. వల తెచ్చి చూపించమన్నాను. రెండు రాళ్ళ మధ్య కట్టించాను. చూడగానే అర్థమైంది. మద్దెల తోలులా బిగిసి ఉంది. చేత్తో నెడితే చెయ్యి వెనక్కి ఎగిరింది.

"ఓబులమ్మా, వదులుగా కట్టమని నేను చెప్పలేదా?"

"చెప్పినావు."

"మరి?"

"నూలు అయిపోయ. గుంత శానా వెడల్పు. నువ్వు చెప్పినట్ల కుచ్చు పెడితే సగానికే వస్తాంది. అందుకని గుంత ఆ అంచు నుంచి ఈ అంచు దాకా సాగదీసినా."

ఏమనాలి ఆమెను? కరువు సీమ వాళ్ళం మేము. గంజిని సాగదీస్తాం, గుడ్డను సాగదీస్తాం, ఒక వానను ఏడాదంతా సాగదీస్తాం. చేతిలో కొంచెమే ఉంటే చివరిదాకా అందేట్టు లాగడం మాకు పుట్టుకతో వచ్చిన తెలివి. ఇంకో సీమ మనిషి అయితే ఈ తప్పు చేసేవాడే కాదు.

"విప్పెయ్. సగానికే కట్టు," అన్నాను.

"మిగిలిన సగం?"

"వదిలెయ్."

ఓబులమ్మ గయ్యిమంది. "తెల్లారితే పెద్దరెడ్డి వస్తాడు! సగం గుంత తెరిసిపెడితే చేపలు ఆ సందులో పోవా? ఏం మాటలప్పా ఇవి?"

"పోతాయి. పోయేవి పోనీ. ఇప్పుడు నీ వల అడ్డంగా నిలబెట్టిన గోడ. గోడకు తగిలితే చేప పక్కకు తిరుగుతుంది. వదులుగా ఉంటే తల లోపలికి పోతుంది. అన్నిటినీ ఆపాలని చూస్తే ఒక్కటీ చిక్కదు."

ఆమె కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు. ఆమెకు నా మాటమీద నమ్మకం లేక కాదు, భయం. నేను ఇంకోసారి చెప్పబోతుంటే పుల్లన్న లేచాడు. బిగిసిన వలమీద అరచెయ్యి ఆనించి నెట్టాడు. తరవాత ఒక మూల ముడి విప్పి, వల జారనిచ్చి, మళ్ళీ నెట్టాడు. ఈసారి చెయ్యి మణికట్టు దాకా వలలో కూరుకుపోయింది. వెనక్కి లాక్కుంటే వేళ్ళు చిక్కుకున్నాయి.

కాసేపు ఆ చేతినే చూశాడు. "విప్పుమే," అన్నాడు పెళ్ళాంతో. "ఈయప్ప చెప్పేది నిజమే."

ముగ్గురమూ గట్టునే కూర్చుని మునిమాపు దాకా విప్పి కట్టాం. బెండ్లు చాలక సొరబుర్రలు కట్టాం. పుల్లన్న నడుముకో సొరబుర్ర కట్టుకుని దగ్గుతూనే నీళ్ళలోకి దిగి, వలను గుంత సగానికి అడ్డంగా వేలాడదీసి వచ్చాడు. వద్దన్నా వినలేదు.

తెల్లవారేసరికి పెద్దరెడ్డి, ఆయన వెంట ఊరు ఊరంతా గట్టుమీదికి వచ్చింది. ఖాళీగా వదిలిన సగాన్ని చూసి, "ఏమప్పా పుల్లా, వలకు కూడా కరువొచ్చిందా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. పుల్లన్న తాడు అందుకున్నాడు. లాగుతుంటే మొదటి మూర ఖాళీ. రెండో మూరా ఖాళీ. మూడో మూరకు సొరబుర్ర ఒకటి బుడుంగున మునిగింది. ఆ తరవాత పుల్లన్న ఒక్కడి వల్ల కాలేదు. నవ్విన వాళ్ళే దిగి తాడు పట్టుకున్నారు. రాగండి చేపలు, వాటి మధ్య మనిషి చెయ్యంత పొడవు వాలుగలు, మొప్పల దగ్గర చిక్కుకుని తెల్లగా కొట్టుకుంటున్నాయి.

పెద్దరెడ్డి మీసం దువ్వుకున్నాడు. "సరేప్పా. నదోళ్ళకు కబురు వద్దులే. చెరువు నీ పేరనే ఉండనీ."

"నా పేరు వద్దు రెడ్డీ," అన్నాడు పుల్లన్న, ఊపిరి అందక ఆగి ఆగి. "నా దగ్గుకు నమ్మకం యాడుండాది? వల దానిది. చెరువు ఓబులమ్మ పేరనే చాటించు. నేను పోయినా దాన్ని ఎవురూ లేపకుండా ఉండాల."

ఆడమనిషి పేర చెరువు చాటించడం ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. పెద్దరెడ్డి చేపలకేసి చూశాడు, పుల్లన్నకేసి చూశాడు, తలూపాడు. ఆ సాయంత్రమే తప్పెట వేసి ఊరంతా చాటారు. ఓబులమ్మ ఆ చప్పుడు వింటూ, తల ఎత్తకుండా, వలలో చినిగిన కన్నులు అల్లుకుంటూనే ఉంది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆ తరవాత ఎన్నో ప్రదర్శనల్లో ఎన్నో ఉపన్యాసాలు చెప్పాను. లేనివాడికి నోటితో "వదులుగా పట్టు" అని చెబితే చెవికెక్కదని ఆ చెరువు గట్టున తెలుసుకున్నాను. అందుకే డేరాలో రెండు వలలు కడతాను, ఒకటి బిగించి, ఒకటి వదిలి. వచ్చినవాళ్ళను రెండింటిలోనూ చెయ్యి పెట్టి నెట్టమంటాను. నేను మాట్లాడేది వాళ్ళ చెయ్యి చిక్కుకున్న తరవాతే.