వాడ తరఫున పలికిన పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయిందని మొన్న అమ్మ ఫోను చేసి చెప్పింది. తర్వాత, "పొద్దుగాల ఎవ్వలు పిలువలే బిడ్డా. గప్పుడే నా గుండె జారింది" అన్నది. ఆ మాట బయటివాళ్లకు అర్థం కాదు. అర్థమయ్యేలా చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా ఊరు పాశమైలారానికి దగ్గర. ఒకవైపు జొన్నచేలు, ఇంకోవైపు ఫ్యాక్టరీ గోడలు. సైరన్ విని ఎసరు పెట్టుకునే వాడ మాది. పెద్దమ్మ మాకు రక్తసంబంధం కాదు. గొంతు పెద్దది, పంతం ఇంకా పెద్దది. ఆమె కోళ్లు మా వాకిట్లో గింజలు తింటే తప్పు మాదే, మా మేక వాళ్ల తీగ కొరికినా తప్పు మాదే. అమ్మకూ ఆమెకూ వారానికోసారి మాటలు బందయ్యేవి. కూర వండిన రోజు మళ్లీ మొదలయ్యేవి.

అప్పట్లో ముసలివాళ్ల పింఛన్లు పంచాయతీ ఆఫీసు ముందు ఇచ్చేవారు. సెక్రటరీ కాగితం చూసి పేర్లు పిలిచేవాడు. పలికినవాళ్లు వేలిముద్ర వేసి తీసుకోవాలి. కొన్ని నెలలు వరసగా పలకకపోతే చనిపోయినట్టు రాసుకుని పేరు కొట్టేసేవారు.

మా వాడ చివరింట్లో ఒక ముసలమ్మ ఉండేది. ఉన్న ఒక్క కొడుకూ జబ్బు చేసి పోయాడు. కాళ్లు పడిపోయి ఆమె కొన్ని నెలలు పింఛనుకు పోలేదు. చివరిసారి ఆమె పేరు పిలిచినప్పుడు పెద్దమ్మ అక్కడే ఉంది, తన అత్తగారిని తీసుకుని వచ్చింది. మనకెందుకులే అని ఊరుకుంది. ముసలమ్మ పేరు కొట్టేశారు.

ఎవరో వెళ్లి ఆ సంగతి ముసలమ్మ చెవిన వేశారు. "సర్కారోళ్లు నేను సచ్చిన్నని రాసుకున్నరట" అని కనపడినవాళ్లందరికీ చెప్పేది. మొదట్లో నవ్వుతూ చెప్పేది, తర్వాత నవ్వడం మానేసింది. పెద్దమ్మ గంజి తీసుకెళ్తే, "సచ్చినోళ్లకు గంజి ఎందుకే" అని గోడవైపు తిరిగి పడుకునేది. చలికాలం దాటలేదు. పోయిన రోజున ఆ గంజి గిన్నె మంచం కింద నిండుగానే ఉంది.

ఆ తర్వాత పెద్దమ్మ మునుపటి మనిషి కాదు. రోజూ పొద్దున వాడ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. "అత్తా, లేసినవా?" "ఓ వదినా, ఉన్నవా?" అని గడపగడపకూ కేక. లోపలినుంచి బదులు వచ్చేదాకా కదిలేది కాదు. అమ్మ విసుక్కునేది, "ఎవ్వలు సచ్చిన్రో సూడనీకి పొద్దుగాల్నే తయారైతవు" అని. "సావకముందే సూడనీకి వస్తున్ననే" అనేది పెద్దమ్మ.

పింఛను రోజున అందరూ వెళ్లిపోయాక కూడా ఆమె ఆఫీసు మెట్ల మీదే కూర్చునేది. నేను బడినుంచి వస్తూ ఒకసారి అడిగాను, ఇంకా ఎవరికోసం అని.

"ఆమె పేరు మల్ల పిలుస్తరేమోనని బిడ్డా. పిలిస్తే ఈసారి పలుకుత."

ఆ తర్వాత చాలాకాలం చివరింటి తాళం వైపు చూడకుండానే బడికి పోయేదాన్ని.

కొన్నేళ్లకు మా నాయనమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగలేదు, పింఛనుకు పోలేదు. చివరికి ఒకరోజు ఆమె పేరు పిలిచినప్పుడు పెద్దమ్మ లేచి నిలబడి, "ఉన్నది సారూ" అన్నది.

"ఉంటే ఏదమ్మా? మనిషి కండ్లకు కనబడాలె. రేపు పైనుంచి నన్ను అడుగుతరు" అన్నాడు సెక్రటరీ. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వాడలోకి పరుగెత్తింది. మహిళా సంఘం ఆడవాళ్లను లేపింది. మసీదు కమిటీలో ఉండే చాయ్ హోటల్ భాయ్ పొయ్యి ఆర్పి వచ్చాడు. కిరాయి గదుల్లోని ఒడియా కుర్రాళ్లు షిఫ్టు దిగి వస్తుంటే వాళ్లనూ పట్టుకొచ్చింది. అందరూ కలిసి నాయనమ్మను మంచంతో సహా ఎత్తారు.

"పాడె మీద తీస్కపోయినట్టు తీస్కపోతున్నరేందే!" అని నాయనమ్మ ఏడ్చింది.

"పాడె మీద పోయేటోళ్లు మాట్లాడరత్తా. నువ్వు మాట్లాడుకుంట రా."

నాయనమ్మ దారిపొడవునా అందరినీ తిట్టింది. మంచం బల్ల ముందు దించాక సెక్రటరీ పేరు పిలిచాడు. ఆమె నోరు తెరిచేలోపే మోసుకొచ్చినవాళ్లంతా ఒక్కసారిగా, "ఉన్నది!" అన్నారు. పెద్దమ్మ ముందుకు వంగి, "మమ్ములను అడగకుండ ఎవ్వల్ని సంపకు సారూ" అన్నది. ఆయన వేలిముద్రల పుస్తకం ముందుకు జరిపాడు.

ఆ రోజునుంచి మా ఊళ్లో పద్ధతి మారింది. పేరు కొట్టేసే ముందు సంఘంవాళ్లనూ మసీదువాళ్లనూ గదులవాళ్లనూ అడిగేవారు. నడవలేనివాళ్లున్న వాడలోకి సెక్రటరీయే వచ్చి పిలిచేవాడు, వాడ పలికేది. కొత్తగా ఎవరికి పింఛను రావాలో, ఎవరికి రేషను కార్డు లేదో భాయ్ హోటల్ దగ్గరే ఆయనకు తెలిసిపోయేది.

ఇక పెద్దమ్మ మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. వాడలో పంపిణీ అయిపోయి సెక్రటరీ సైకిలెక్కాక కూడా ఆమె తన గడపకు ఆనించి పీట వేసుకుని చెవి అటే పెట్టి కూర్చునేది. ఇంతమంది తరఫున పలికాక కూడా ఆ ఒక్క మౌనం తీరలేదా అని నాకు కోపం వచ్చేది. ఆమె మీదో, చివరింటి ముసలమ్మ మీదో తెలియదు. ఈ మధ్య నేనూ ఏ పేరైనా గట్టిగా పిలవడం వింటే ఉలిక్కిపడి నిలబడిపోతున్నాను.

దినాలకు వెళ్లాను. ఆ రోజే పింఛన్లు. సెక్రటరీ మా వాకిట్లో కుర్చీ వేసుకుని పేర్లు చదివాడు. ఒక్కొక్క పేరుకూ వాడ "ఉన్నది" అంటూ వచ్చింది. అలవాటున చదువుకుంటూ పోయి పెద్దమ్మ పేరు కూడా పిలిచేశాడు. ఆమెకూ పింఛను వచ్చేదన్న సంగతి మాకు అప్పుడే గుర్తొచ్చింది. ఆయన నాలుక కరుచుకున్నాడు.

"ఉన్నది" అన్నది మా నాయనమ్మ మంచం మీదనుంచి.

తెలియక కాదు. పాడె లేచినప్పుడు ఆ మంచం మీదనుంచే గుండెలు బాదుకుని ఏడ్చిందట. చేయి మెల్లగా ఎత్తి ఎదురింటివైపు చూపించింది.

మేమందరం అటు తిరిగాం, సెక్రటరీతో సహా. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కడిగిన గడప ఇంకా ఆరలేదు. దానికి ఆనించి ఆమె పీట వేసి ఉంది.