కార్జం కోసిన డాక్టరు

నల్గొండ మటన్ దుకాణంలో కార్జం తూకానికి పెట్టబోతే నేను ఆపుతాను. ముందు నిలువునా కోసి చూపించమంటాను. దుకాణంవాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ. ఆ పచ్చివాసన తగిలితే చాలు, అచ్చంపేట పశువుల దవాఖాన డాక్టరు సాబు కళ్ళముందుకొస్తాడు. మహా కోపిష్ఠి. నా కాపురం నిలబడింది ఆయన పుణ్యానే.

అరవైల నాటి మాట. నాకు పెళ్ళై ఏడాది కాలేదు. ఆ ఎండాకాలం మా ఊళ్ళో మల్లయ్య గొర్రెలు దవడల కింద నీరుపట్టి ఒక్కొక్కటే చావసాగాయి. మా మందలో ఒక్కటీ చావలేదు. పైగా మా ఆయనకూ మల్లయ్యకూ మేత దగ్గర తగాదా. ఇంకేం, మా ఆయనే చేతబడి చేశాడన్నారు. మంత్రం నోట్లోంచే వస్తుందని, అట్లాంటివాడి పళ్ళు పీకేవారు మా వైపు. ఆయన్ను గుంజకు కట్టేశారు. మల్లయ్య పట్టకారు తెచ్చాడు. పెద్దమనుషులు వచ్చేదాకా ఆగుదామని ఎవరో అనడం నా అదృష్టం. అచ్చంపేటకు పరుగెత్తాను. డాక్టరు సాబు నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని వచ్చాడు.

అప్పుడే చచ్చిన గొర్రె ముందు కూర్చొని, "కాళ్ళు పట్టుండ్రి" అన్నాడు. ముడితే చేతబడి తమకూ తగులుతుందని ఒక్కడూ కదలలేదు.

"నేను పడ్త సారూ" అన్నాను.

పొట్ట కోశాడు. ఏమీ లేదు. పేగులు చీరాడు. ఏమీ లేదు. జనం మీదమీదికి వచ్చారు.

"ఇగ సాలు సారూ, లెవ్వు!" అంటూ మల్లయ్య పట్టకారుతో గుంజవైపు నడిచాడు. నేను అటు తిరిగేసరికి గొర్రె కాలు చేతిలోంచి జారిపోయింది.

"సక్కగ పట్టు!" అని డాక్టరు నా మీద అరిచాడు. కార్జం నిలువునా కోసి గట్టిగా పిసికాడు. గట్టిపడ్డ గొట్టాల్లోంచి చదునైన పురుగులు, ఎండుటాకు ముక్కల్లాంటివి, గుంపుగా బయటికొచ్చాయి.

"కార్జం జలగలు. నీ గొర్లు యాడ మేస్తున్నయి మల్లయ్యా?"

"ఎండకాలం గద సారూ. నీళ్ళింకిన చెరువు శిఖంల తప్ప పచ్చగడ్డి యాడున్నది?"

"గా బురదల నత్తలుంటయి. గీ పురుగు నత్తలకెల్లి గడ్డికెక్కుతది. వీళ్ళ మంద గుట్టమీద మేసింది, బతికింది."

మల్లయ్య పట్టకారు కింద పడేశాడు.

డాక్టరు చేతులకు నీళ్ళు పోస్తూ అడిగాను: "కార్జంల గూడ లేకుంటే ఏం జేద్దురు సారూ?"

"ఇంకోదాన్ని కోసేటోణ్ణి. దొరికేదాంక" అన్నాడు విసుగ్గా. చెంబులో నీళ్ళు అయిపోయినా చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

ఎవరింట్లో కీడు జరిగినా, ఫలానావాళ్ళ పనేనని వాడకట్టులో గుసగుసలు మొదలైతే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు చూసినవా అని మొహంమీదే అడుగుతాను. నోటి దురుసు ముసలిదంటారు. అననీ. మా ఆయన ముసలితనంలోనూ వేయించిన మక్కజొన్న గింజలు పటపటా కొరికేవాడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా వంటింట్లో నిలబడి డాక్టరు సాబుకు దండం పెట్టుకునేదాన్ని.