గీతలో ఎర్ర గీతలు

మా నాన్న చదువుకున్న భగవద్గీతను, ఆదోనిలో నాతోపాటు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే దేవదానానికి ఇచ్చి రెండు నెలలైంది. నందవరం దగ్గర వాళ్ల ఊరి చర్చిలో శనివారాలు పదిమంది కూర్చుని దాన్ని చదువుతున్నారు. పక్కింటివాళ్ల గ్రంథంలో ఏముందో తెలుసుకుందామని ఆయన అన్నాడు. తప్పులు వెదకడానికేమోనని నాకు అనుమానం. అదే నిజమైతే పుస్తకం వెనక్కి తెచ్చుకుందామని మొన్న శనివారం బయలుదేరాను.

ఎనిమిదికి ఆదోనిలో బస్సెక్కితే ఎమ్మిగనూరుకు దాదాపు గంట. అక్కడి నుంచి నందవరం వైపు షేర్ ఆటో, మనుషులు నిండేదాకా కదలదు. "యాడికన్నా?" అన్నాడు డ్రైవరు. చర్చికని చెప్పాను. నా బొట్టు చూసి, "దారి తప్పినావేమో సూసుకో!" అని నవ్వాడు.

చర్చిలో అందరూ చాపల మీద కూర్చున్నారు. పుస్తకాన్ని మాత్రం బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి పెట్టారు. మనసు కుదుటపడింది. తెరిచి చూస్తే పేజీ పేజీకీ ఎర్ర పెన్ను గీతలు. మా ఇంట్లో ఆ పుస్తకం ముట్టుకోవాలంటే చేతులు కడుక్కునేవాళ్లం.

నా ముఖం చూసి, మరియమ్మ అనే పెద్దామె తన బైబిలు తెచ్చి తెరిచింది. అందులోనూ అన్నీ ఎర్ర గీతలే. "నచ్చిన మాట కింద గీస్తామప్పా. గీయకుంటే సదివినట్టే గాదు."

దేవదానం తల వంచుకున్నాడు. "అడక్కుండా గీసినాం, తప్పే అన్నా. తీసకపోతానంటే ఇచ్చేస్తాం."

పేజీలు తిప్పుతుంటే ఒకచోట, కర్మ అనే మాట పక్కన, ప్రశ్న గుర్తు కనిపించింది.

"సచ్చినాక సేసే కర్మలే గదా?" అంది మరియమ్మ. "దేవుడు యుద్ధం మధ్యలో దినాల సంగతి ఎందుకు ఎత్తినాడో అర్థం కాల్యా."

"కాదమ్మా, ఇక్కడ కర్మ అంటే పని."

"కలుపు తీసేది గూడానా?"

"అదీ కర్మే."

"అట్లయితే ఈడ కూసున్నోళ్లమంతా కర్మయోగులమే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మా గుడిలో మీ గ్రంథం సదివేది తప్పా అన్నా?" అని దేవదానం అడిగాడు.

"చదవడం తప్పు కాదు. ఇట్లాంటి ప్రశ్న వచ్చినప్పుడు, నమ్మినవాణ్ణి అడగకుండా మీరే జవాబు చెప్పుకుంటే తప్పు."

"అయితే వచ్చే శనివారమూ రా," అంది మరియమ్మ.

తిరుగు బస్సులో నా సంచి ఖాళీగానే ఉంది. నాన్న పోయాక ఆ పుస్తకం నా దగ్గర మచ్చ లేకుండా ఉండేది. కర్మ అనే మాట దగ్గర నేనెప్పుడూ ఆగి ఆలోచించలేదు. శనివారం లోపు ఆ అధ్యాయం మళ్లీ చదవాలి.

ఇలా ఎవరికైనా మీ గ్రంథం ఇవ్వాలనుకుంటే, దాంతోపాటు ఒక పెన్సిలు కూడా ఇవ్వండి.