ఐసులో పెట్టిన తెలివి

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. తెలియకపోవడం అంటే ఏమిటో తర్వాత తర్వాత, వయసు పెరిగేకొద్దీ నేర్చుకున్నాను. హైదరాబాదులో క్యాన్సర్ మీద పరిశోధన చేసే చోట జూనియర్‌గా చేరి అప్పటికి నాలుగు నెలలు. చేసే పనల్లా చిన్న చిన్న గొట్టాలను ఐసులో గుచ్చడం, తీయడం, మళ్లీ గుచ్చడం. అయినా చెల్పూరులో ఉండే మా అమ్మ ప్రచారం పుణ్యమా అని, భూపాలపల్లి నుంచి మహబూబాబాద్ దాకా చుట్టాలందరికీ నేను ‘సైంటిస్టమ్మ’ను. (ఒక బాబాయి తన బర్రె మేత ముట్టడం లేదని కూడా నాకే ఫోన్ చేశాడు. నేనూ వెనకాడకుండా సలహా ఇచ్చాను. బర్రె బతికింది, నా వల్ల మాత్రం కాదు.)

జనగామలో మా పెద్దమ్మ ఉండేది. మార్కెట్ యార్డులో చిరిగిన గోనె సంచులు కుట్టడం ఆమె పని. అండాశయంలో గడ్డ వచ్చి ఆపరేషన్ అయింది, కీమో కూడా అయింది. ఇక ఒక మాత్ర ఉందని, కానీ గడ్డలోని జన్యువును పరీక్ష చేస్తేగానీ అది ఆమెకు పనికొస్తుందో లేదో తెలియదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్‌లో తీసిన ముక్కను దవాఖానలో మైనం దిమ్మలో పెట్టి దాస్తారు. పెద్దమ్మది అలాంటి దిమ్మ ఒక్కటే మిగిలింది. దాన్ని హైదరాబాదులో పరీక్ష చేసే చోటికి చేర్చే బాధ్యత ఇంకెవరికి ఇస్తారు, సైంటిస్టమ్మకే ఇచ్చారు.

దిమ్మను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి, బయలుదేరే ముందు పెద్దమ్మకు పాఠం మొదలుపెట్టాను. “మన కణాలల్ల డీఎన్ఏ రోజూ తెగుతనే ఉంటది పెద్దమ్మా. దాన్ని బాగుచేసే తీర్లు రెండున్నయనుకో...” అంటూ బొమ్మలు గీసి అరగంట చెప్పాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

“గంతేనా? సంచి చినుగుతది. కుట్టెటోళ్లు ఇద్దరున్నరు. గడ్డల ఒకామె ముందే పని బందు వెట్టింది. నీ గోలీ పోయి రెండో ఆమె చెయ్యి పట్టుకుంటది. ఇగ కుట్టెటోళ్లు లేక గడ్డ పిగిలిపోతది. మంచి కణంల ఇద్దరున్నరు గద, ఒకామెను పట్టుకున్నా ఇంకొకామె కుడ్తది. గిదేనా?”

గిదే. మా సారు మూడు వారాలు మొత్తుకుంటే నా బుర్రకెక్కిన సంగతి. “దాదాపు అంతే” అన్నాను, పెద్దరికం నిలుపుకోవాలి కదా.

“మరి నా గడ్డల ఆమె పని బందు వెట్టిందో లేదో?” అంది నెమ్మదిగా.

“గది తెలుసుకునేందుకే ఈ పరీక్ష.”

ఆమె దిమ్మకు అంటించిన చీటీ చూస్తూ, పాత గుడ్డతో చిన్న సంచి కుట్టి, ఆ చీటీలోని నంబరును ఎర్రదారంతో సంచి మీద కుట్టింది. చివర ఒక ముడి వేసింది. “కాయిదాన్ని నమ్మొద్దు బిడ్డా. యార్డుల వానకు ఎన్ని చీటీలు పోయినయో” అంటూ దిమ్మను అందులో పెట్టి ఇచ్చింది.

బస్టాండుకు చేరగానే నా చదువు నిద్రలేచింది. మా ల్యాబులో విలువైనదంతా ఐసులోనే ఉంటుంది, మరి ఇంతకంటే విలువైనది ఏముంది? (మైనం దిమ్మను బల్లమీద పెట్టి ఏళ్లు మరిచిపోయినా ఏమీ కాదు. అడిగితే ఎవరైనా చెప్పేవారే. సైంటిస్టమ్మ అడుగుతుందా!) సోడాబండి దగ్గర ఐసు కొని, థర్మకోల్ డబ్బాలో పోసి, గుడ్డ శుభ్రంగా ఉండదని దిమ్మను అందులోంచి తీసి నేరుగా ఐసులో గుచ్చాను. గుడ్డసంచితో చెమట తుడుచుకుంటూ బస్సెక్కాను. పక్క సీటులో ఉన్న అవ్వ డబ్బా చూసి “చేపలా బిడ్డా?” అంది. “కాదు, పరిశోధన” అన్నాను. పాపం, ఆమె ముఖం చిన్నబోయింది.

హైదరాబాదులో కౌంటర్‌లో ఉన్న అక్క డబ్బా మూత తీసింది. ఐసంతా నీళ్లయింది, ఆ నీళ్లు నీలంగా ఉన్నాయి. చీటీ ఊడి ఇంకు కరిగిపోయింది. చీటీ ముక్క మీద చివరి రెండంకెలు మాత్రం లీలగా మిగిలాయి.

“మైనం దిమ్మను ఐసులో ఎవరు పెట్టమన్నారమ్మా? నంబరు లేకపోతే ఇది ఎవరిదని తీసుకోవాలి?”

నాలుగు నెలలుగా టీవీలో వార్తలు చదివేవాళ్లలా మాట్లాడుతున్నదాన్ని, ఒక్క క్షణంలో మా ఇంటి యాసలోకి వచ్చిపడ్డాను. “గట్లనకక్కా! గిదొక్కటే ఉన్నది. గిది లేకుంటె మా పెద్దమ్మకు గోలీ రాదు” అని భోరుమన్నాను. చేతిలో ఉన్న గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాను.

“ఆగు, ఆ గుడ్డ మీద అంకెలేంటి?” అంది ఆమె.

సంచి మీది చివరి రెండంకెలూ, చీటీలో మిగిలినవీ ఒకటే. ఆమె దవాఖానకు ఫోన్ చేసి మొత్తం నంబరు చదివితే, అక్కడ రిజిస్టరులో పెద్దమ్మ పేరే పలికింది. అప్పుడు దిమ్మను తీసుకుంది. “ఇది కుట్టినామె ఎవరో గానీ, ఆమెకు మా దగ్గర ఉద్యోగం ఇవ్వచ్చు” అంది. నావైపు చూడలేదు, చూడాలని నేనూ కోరుకోలేదు.

పెద్దమ్మ గడ్డలో ఆ ఒకామె నిజంగానే పని బందు పెట్టిందని పరీక్షలో తేలింది. మాత్ర మొదలైంది. జబ్బు పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు గానీ, అది ఇన్నేళ్లుగా తల ఎత్తలేదు. పెద్దమ్మ ఇప్పటికీ ఇంట్లో కూర్చుని సంచులు కుడుతోంది. చాలా రోజులకు ధైర్యం చేసి ఐసు సంగతి ఆమెకు చెప్పేశాను. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఆ నవ్వు మధ్యలోనే, నంబరు చివర ఆ ముడి ఎందుకని అడిగాను.

“యార్డుల సంచులు ఏరేటప్పుడు ముడి ఉన్నదాన్ని పారెయ్యరు బిడ్డా. జర కుడితె ఇంకా పనికొస్తదని గుర్తు.”

ఆ గుడ్డసంచి ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. కొత్తగా చేరిన పిల్లలు అన్నీ తెలిసినట్టు మాట్లాడితే నాకు కోపం రాదు. సొరుగు తీసి ఆ ముడిని ఒకసారి తడుముకుంటాను. పెద్దమ్మ దాన్ని తన కోసం వేసుకుందో, నన్ను చూసి నా కోసం వేసిందో, ఇంతవరకు అడిగే ధైర్యం చేయలేదు.