సీటు పైకి లేపిన హైబ్రిడ్

2006లో మా సైకిల్ షాపు పద్మారావు నగర్‌లో, కూరగాయల బండ్లు నిలబడే సందు మొదట్లో ఉండేది. అప్పటిదాకా స్కూలు పిల్లల పంక్చర్లు, పాలవాళ్ల రిపేర్లు, అంతే నా పని. సాఫ్ట్‌వేర్ జీతాలు వచ్చాక ఊళ్లోకి గేర్ల సైకిళ్లు దిగాయి. వాటిలో హైబ్రిడ్ అనేది మధ్యరకం. రేసు సైకిల్‌లా తేలిగ్గా సాగుతుంది, గుంతల్లో పడినా తట్టుకుంటుంది, నడుం వంచి తొక్కే బాధ లేదు. జనం మోజు మీద కొని, మోజు తీరాక అమ్మేసేవాళ్లు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు ఒకసారి చూసి చెప్పమని నా దగ్గరికి తెచ్చేవాళ్లు.

నాకు అనుమానం ఎక్కువ. మా ఆవిడ దాన్ని జబ్బు అంటుంది. నాకేమో పెట్టుబడి లేని పనిముట్టు. నేను సైకిల్ కంటే ముందు అమ్మేవాడిని చూస్తాను. బాగున్న సైకిల్‌ని ఎవరైనా ఊరికే ఎందుకు వదులుకుంటారు?

రమణ శ్రీకాకుళం వైపు కుర్రాడు. సీతాఫల్‌మండిలో గది, బేగంపేటలో కొత్త ఉద్యోగం. బస్సుల్లో వేలాడలేక సైకిల్ కొనుక్కుందామనుకున్నాడు. ఎవరో తెలిసినవాళ్ల ద్వారా మారేడ్‌పల్లిలో ఒకాయన హైబ్రిడ్ అమ్ముతున్నాడని తెలిసింది. ఇంటికొచ్చి చూస్తానంటే ఆయన వద్దన్నాడట. సైకిల్‌ని నా షాపుకే తెస్తానన్నాడట. ఆ మాట చెవిన పడగానే నా జబ్బు మొదలైంది.

"బాబాయ్, కంపెనీవోళ్లు పోలీస్ వెరిఫికేషన్ పెట్టారు, ఇంకా అవనేదు. దొంగ సైకిలు గానీ నా మెడకి సుట్టుకుందంటే ఉజ్జోగం పోద్ది. బాగా సూసి సెప్పండి," అన్నాడు రమణ.

కాసేపటికి ఆ పెద్దమనిషి వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. సైకిల్‌ని తొక్కుకుంటూ కాదు, నడిపించుకుంటూ తెచ్చాడు. అడిగిన ధర చూస్తే సైకిల్ అమ్ముతున్నట్టు లేదు, వదిలించుకుంటున్నట్టు ఉంది. సైకిల్ చూసేటప్పుడు అమ్మేవాడు పక్కనుండటం నాకు ఇష్టం ఉండదు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగి రమ్మన్నాను. ఆయన కదల్లేదు.

"జెర జల్దీ చూడు భాయ్, నాకు మీటింగ్ ఉంది," అన్నాడు. మాట నాతో, చూపు రోడ్డు మీద.

"మారేడ్‌పల్లిల సైకిల్ దుకాణాలు లెవ్వా సార్, గింత దూరం తెచ్చిన్రు?" అని అడిగాను. ఆయన వాచీ చూసుకున్నాడు.

చక్రాలు తిప్పి చూశాను, వంకర లేదు. హ్యాండిల్ కింద ముందు చక్రాన్ని మోసే గొట్టం ఉంటుంది, హెడ్ ట్యూబ్ అంటాం. దేన్నైనా గుద్దిన సైకిల్‌కి అక్కడ పెయింట్ ముడతలు పడుతుంది. ఇక్కడ నున్నగా ఉంది. ఎడమవైపు పెడల్, గ్రిప్ చివర కాస్త గీసుకున్నాయి. అంటే ఒకసారి పక్కకి పడింది, దేన్నీ గుద్దలేదు. అడుగున కంపెనీ కొట్టిన నంబర్‌ని దొంగ సైకిళ్లకి గీకేస్తారు, దీనికి ఎవరూ గీకలేదు. నిజం చెప్పాలంటే, అంత శ్రద్ధగా చూసుకున్న వాడిన సైకిల్ నేను అంతకుముందు చూడలేదు. అనుమానం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది.

అప్పుడు సీట్ పోస్ట్ చూశాను. సీటుని మోసే కడ్డీ అది. చాలాకాలం ఒకే ఎత్తులో బిగించి ఉంచితే ఆ చోట మట్టి గీత పడుతుంది. ఈ సైకిల్‌కి ఆ గీత బిగింపుకి జానెడు పైన ఉంది. అంటే సీటు మొన్నమొన్నటిదాకా కిందే ఉంది. బ్రేకు లీవర్లని కూడా చిన్న చేతులకి అందేలా దగ్గరికి తిప్పారు.

"సార్, ఈ సైకిల్ మీరు తొక్కింది కాదు," అన్నాను.

రమణ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. "కొన్నది నేనే. బిల్లు నా పేరు మీదనే ఉన్నది."

"కొన్నది మీరే ఉండొచ్చు. తొక్కింది ఎవరు?"

"మా మిసెస్. మొన్న బస్సు పక్కకెళ్లి రాసుకుంట పోతుంటే భయపడి పడిపోయింది. చెయ్యి విరిగింది. కట్టు ఇప్పంగనే మళ్ల ఎక్కుతా అంటున్నది. చెప్తే వినది. అందుకే..."

"ఆమెకు ఏం చెప్తరు?"

"గేటు కాడ పెడితే ఎవరో ఎత్తుకపోయిన్రని చెప్తా."

నా చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. ఇంతసేపూ నేను వెతికింది నిన్నటి దొంగతనం గురించి. ఇది రేపు జరగబోయే దొంగతనం.

"ఆమె ఊకుంటదా సార్? అడుగున నంబర్ ఉంది. స్టేషన్ల కంప్లైంట్ ఇస్తది. ఈ పిల్లగాడు రోజూ మీ బస్తీ పక్కనుంచే పోతడు. పట్టుకుంటే ఏం చెప్పాలె? మీ ఇంట్ల మీరు చెప్పుకున్న అబద్ధానికి ఈయన నౌకరి పోవాల్నా?"

ఆయన మంచివాడే. నిజంగా ఆ ఆలోచన ఆయనకు రాలేదు. రమణ వైపు చూసి తల దించుకున్నాడు.

రమణకి కోపం వస్తుందనుకున్నాను. వాడు సైకిల్ సీటు మీద చెయ్యి వేసి, "ఆవిడగారు అమ్ముతానంటే అప్పుడు కొంటానండి," అన్నాడు. నాకు వాడి మీద జాలేసింది. అంత మంచి సైకిల్ మళ్లీ దొరకదని మా ఇద్దరికీ తెలుసు.

ఆయన సైకిల్‌ని వెనక్కి తీసుకెళ్లి ఇంట్లో నిజం చెప్పాడు. ఆవిడ అమ్మలేదు. కట్టు విప్పాక ఆయన్ని వెంటబెట్టుకుని మా షాపుకి వచ్చి, వెనక వచ్చే బస్సులు కనబడేలా అద్దం బిగించమంది. "పడింది నేను, భయం పట్టింది ఈయనకు," అంది. ఆయన హ్యాండిల్ కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. రమణకి నేనే ఒక మామూలు పాత సైకిల్ బాగుచేసి ఇచ్చాను. వాడి వెరిఫికేషన్ ఏ చిక్కూ లేకుండా అయిపోయింది.

దొంగ సైకిల్‌ని పట్టుకోవడం నాకు వచ్చనుకునేవాణ్ణి. సొంత సైకిల్ కూడా దొంగ సైకిల్ కాగలదని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ఎవరైనా పాత సైకిల్ అమ్మడానికి తెస్తే చక్రం తిప్పడానికి ముందే అడుగుతాను, "ఇంట్ల తెలుసా?" అని. చాలామంది నవ్వుతారు. కొందరు మాత్రం సైకిల్ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోతారు.